ముగ్గురూ చూస్తున్నారు, నీ ఇష్టం

గవర్నర్‌పేటలో మా ఫ్లెక్సీ షాపుకి ఎదురుగా పాత లాడ్జి ఒకటి ఉంది. దాని మెట్ల కింద, మెయిన్ రోడ్డు మీదికి కనపడేటట్టు, నవాబ్ బాబాయ్ తాళాల బల్ల ఉండేది. గుత్తులు గుత్తులుగా తాళం చెవులు వేలాడే చెక్క బోర్డు, ఆకురాయి, పట్టకారు, పైన లాడ్జి మెట్లు గొడుగులాగా. మా అమ్మకి పెళ్లి కాకముందు నుంచీ ఆయన అక్కడే. మొన్న వేసవి దాకా అక్కడే.

పేరుకే నవాబు గానీ మనిషి మామూలోడు అని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ఆ గడ్డం చూడాలి. గోరింటాకు పెట్టి ఎర్రగా, నిప్పు రవ్వలాగా ఉంచుతాడు. జేబులో దువ్వెన ఎప్పుడూ రెడీ. ఇంటి తాళం పోగొట్టుకుని ఏడుపు మొహంతో ఎవరైనా వస్తే, ముందు దువ్వెన తీసి గడ్డం దువ్వుకుని, ఆ తర్వాతే "ఏ కంపెనీ తాళమండీ?" అని అడుగుతాడు. ఒక మంత్రిగారి బీరువా తెరిచిన కథ ఒకటి చెప్తాడు. కథ అదే, మంత్రిగారు మాత్రం వారం వారం మారిపోతుంటారు. క్యారమ్స్ ఆడితే స్ట్రయికర్‌ని మోచేత్తో జరుపుతాడు. పట్టుకుంటే "పెద్దోడి చెయ్యిరా, వణుకుద్ది" అంటాడు. తాళంలోకి తీగ పెట్టేటప్పుడు మాత్రం ఆ చెయ్యి అస్సలు వణకదు.

తీగ పెట్టబోయే ముందు పెదాలు కదిపి ఏదో గొణుగుతాడు. నేను దాన్ని ఇమిటేట్ చేసేవాణ్ణి, కళ్లు సగం మూసి, పెదాలు ఆడిస్తూ.

"మంత్రమా బాబాయ్?"

"తాళం నాది కాదు, ఇల్లు నాది కాదు. ఊరికే చెయ్యి పెట్టేస్తామా? అడిగి పెట్టాలి."

"ఎవర్ని అడుగుతావ్? ఓనరు ఇక్కడే ఉన్నాడుగా?"

"ఓనరుకి పైన ఇంకో ఓనరు లేడూ? పోరా ఫెయిలూ."

పదో తరగతి దగ్గర చదువుకీ నాకూ గొడవై విడిపోయాం. అందుకని నన్ను అలా పిలుస్తాడు. నా పేరు జోయెల్. డిజైనింగ్ ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. పుట్టినరోజు ఫ్లెక్సీలో పక్కింటి కుర్రాణ్ణి సింహం పక్కన నిలబెట్టేది నాలాంటివాళ్లే. నా స్పెషాలిటీ జోకులు. మా పటమట చర్చి పాస్టరు గారి ఫోటో కింద "ప్రసంగం మొదలైంది, భోజనం దేవుడెరుగు" అని పెట్టి గ్రూపులో వేస్తే మా అమ్మ అమలమ్మ చీపురు తిరగేసింది. పాస్టరు గారేమో దాన్ని స్టేటస్ పెట్టుకున్నారు. నవాబ్ బాబాయ్‌కి కిరీటం పెట్టి "తాళం పోయినా, భార్య అలిగినా, తెరిచేది నవాబే" అని ప్రింట్ కొట్టిస్తే, దాన్ని బల్లకి కట్టుకుని "గడ్డం ఇంకా ఎర్రగా కొట్టాల్సింది" అన్నాడు. ఎవర్నైనా ఏదైనా అనొచ్చు, ప్రేమగా అంటే చాలు అని నా లెక్క అప్పటికి.

ఇక గోడ సంగతి. లాడ్జి పక్కనే సందు. సందుకి ఎదురుగా బస్టాపు. బస్సు దిగిన ప్రతి మగాడికీ ఆ గోడ చూడగానే ఎక్కడలేని తొందర వచ్చేస్తుంది. లాడ్జి మేనేజరు బాలశౌరి గారు "ఇక్కడ పోయరాదు" అని పెయింటు వేయించారు. దాని మీదే పోశారు. చివరికి నా దగ్గరికి వచ్చారు.

"జోయెలూ, దేవుళ్ల బొమ్మలు పెడితే ఆగుతారేమోనయ్యా."

ఇది మన ఊళ్లో కొత్తేం కాదు. ఏ ఆఫీసు మెట్ల మూలన చూసినా కిళ్లీ ఉమ్మకుండా టైల్సు అంటించి ఉంటాయి. వెంకన్న, శిలువ, మక్కా, వరసగా. ఎవరి భయం వాళ్లది. నేను అదే పెద్ద సైజులో చేశాను. ఎడమపక్క వెంకటేశ్వరస్వామి, మధ్యలో మా యేసుప్రభువు, కుడిపక్క పచ్చరంగు మీద మక్కా. మక్కా పైన కొంచెం ఖాళీ మిగిలింది. అరబ్బీలో ఏదైనా ఉంటే నిండుగా ఉంటుందని నెట్‌లో వెతికితే బంగారు రంగు రాత ఒకటి దొరికింది. ఏం రాసుందో నాకు తెలియదు. వంపులు బాగున్నాయి, ఖాళీకి సరిగ్గా సరిపోయింది. కింద లావు అక్షరాలతో కొట్టాను: "ముగ్గురూ చూస్తున్నారు. నీ ఇష్టం."

హిట్టయింది. బస్టాపులో జనం ఫోటోలు తీసుకున్నారు. ఎవరో ఇన్‌స్టాలో పెట్టారు. ఇంకో రెండు లాడ్జిలవాళ్లు ఇలాంటిదే కావాలన్నారు. మా అమ్మ వచ్చి చూసి, "ప్రభువు ఇంతకంటే ఘోరాలు చూశాడులే" అని నవ్వింది. ఆ తర్వాత ఆమె ఆ సందువైపు నుంచి రావడం మానేసింది. అది నేను పట్టించుకోలేదు.

నవాబ్ బాబాయ్ కూడా చూశాడు. చాలాసేపు చూశాడు. దువ్వెన జేబులోంచి తీయలేదు.

"ముగ్గురంటావేంట్రా?"

"మరి ఎంతమంది బాబాయ్?"

"ఆ లెక్క నీకూ నాకూ కుదరదులే. కలర్ మాత్రం బాగా పడింది." అలా అని వెళ్లిపోయాడు. మెచ్చుకున్నాడనుకున్నాను.

కొన్నాళ్లకి బల్ల మారింది. మెట్ల కింద నుంచి ఎత్తి తీసుకెళ్లి సందులో, సరిగ్గా నా ఫ్లెక్సీ ముందు పెట్టుకున్నాడు. మెయిన్ రోడ్డుకి కనపడడు. ముక్కు మూసుకోకుండా అక్కడ నిలబడలేం. గిరాకీ ఎలా వస్తుంది?

"ఏంటి బాబాయ్, మెయిన్ రోడ్డు బోరు కొట్టిందా? ఇక్కడ సెంటు వాసన బాగుందా?"

"అక్కడ ఎండరా."

"మెట్ల కింద ఎండేంటి?"

"ముసలోడికి మెట్ల కింద కూడా ఎండే. పోయి నీ పని చూస్కో."

నాకు ఊరుకోవడం చేతకాదుగా. "నవాబ్ తాళాలు. ముక్కు మూసుకుని రావలెను" అని కాగితం మీద ప్రింట్ తీసి ఆయన బోర్డుకి అంటించాను. బస్టాపువాళ్లు నవ్వారు. ఆయన దాన్ని పీకలేదు. తలొంచుకుని ఏదో చెవికి ఆకురాయి పెడుతూ కూర్చున్నాడు.

మెట్ల కింద ఖాళీ చూసి అంతోని అనే అతను బాలశౌరి గారిని అడిగి అక్కడ బల్ల వేసుకున్నాడు. తాళం చెవులు కోసే మెషీనుతో సహా.

తర్వాత ఒక మధ్యాహ్నం మా షాపుకి అఫ్రాజ్ వచ్చాడు. అఫ్రాజ్ నవాబ్ బాబాయ్ కొడుకు, వన్ టౌన్‌లో బట్టల హోల్‌సేల్ కొట్లో పనిచేస్తాడు. నాకు క్రికెట్ దోస్తే. ఆరోజు దోస్తులాగా రాలేదు.

"ఆ ఫ్లెక్సీ తీసెయ్ జోయెలూ."

"ఏ ఫ్లెక్సీ?"

"తెలీనట్టు మాట్లాడకు. సందులోది."

"ఎందుకు తీయాలి? వెంకన్న ఉన్నాడు, ఎవరూ అడగలేదు. మా ప్రభువు ఉన్నాడు, మా అమ్మ కూడా అడగలేదు. మీకొక్కరికేనా నొప్పి వచ్చింది?"

"అదిగో, ఆ మాట అంటావనే మా నాన్న నోరెత్తలేదు."

నాకు పౌరుషం వచ్చింది. "నేనేమన్నా తిట్టానా? తప్పుడు బొమ్మ వేశానా? నవ్వించానంతే. ఇవాళ నువ్వొచ్చి తీయమంటావు, తీస్తా. రేపు మా చర్చోళ్లొస్తారు, ఎల్లుండి ఇంకోళ్లొస్తారు. చివరికి నా కంప్యూటర్లో 'జన్మదిన శుభాకాంక్షలు' ఒక్కటే మిగులుద్ది. అది కూడా ఎవడికో నచ్చదు."

"నీ జోకులు నువ్వేసుకో, ఎవడాపాడు? మా నాన్న గడ్డం మీద వేస్తే అందరికీ పంపింది నేనే. అసలు ఆ రాత ఏంటో తెలుసా నీకు?"

"తెలీదు. డిజైన్ బాగుందని..."

"బిస్మిల్లా అని. అల్లా పేరది. రాత్రిళ్లు దాని మీద ఏం పోస్తున్నారో తెలుసా?"

"పోసేవాళ్లలో మీవాళ్లు కూడా ఉంటారుగా?"

"ఉంటారు. తాగినోడికి ఏ భాషా చదవడం రాదు." అఫ్రాజ్ గొంతు అక్కడ తగ్గింది. "రేపు తెల్లారగానే వచ్చి చూడు, మా నాన్న అక్కడ ఏం చేస్తున్నాడో. మా ఫ్రెండ్స్ వచ్చి చింపేద్దామంటే, ఎవరూ పోడానికి లేదని మా ఇంటి గుమ్మానికి అడ్డం కూర్చున్నాడు. నీకోసం."

తెల్లారగానే వెళ్లాను. సందు మొదట్లో నిలబడి చూశాను.

నవాబ్ బాబాయ్ ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి ఉన్నాడు. లాడ్జి కుళాయి దగ్గర బకెట్ నింపుకొచ్చి గోడ మీద కొడుతున్నాడు. ఫినాయిలు పోసి చీపురుతో గీకుతున్నాడు. ఆ తర్వాత తన తువ్వాలు తడిపి ఫ్లెక్సీ తుడిచాడు. ముందు ఆ బంగారు రాత. తర్వాత మక్కా. అక్కడ ఆగలేదు. వెంకన్న పాదాలు తుడిచాడు. మా ప్రభువు అంగీ అంచు తుడిచాడు. తువ్వాలు పిండి ఆరేసి, చేతులు కడుక్కుని, బల్ల ముందు కూర్చుని పెట్టె తెరవబోతూ పెదాలు కదిపాడు, బిస్మిల్లా అని.

నేను ఇన్నేళ్లు ఇమిటేట్ చేసింది అదే మాట. ఆయన నోట్లో ఉన్నదీ, నేను గోడ మీద పెట్టిందీ ఒకటే.

నన్ను చూసి, "ఏరా, ఇంత పొద్దున్నే? మీ అమ్మ ఇంట్లోంచి వెళ్లగొట్టిందా?" అన్నాడు.

"చెప్పొచ్చుగా బాబాయ్. ఒక్క మాట."

"చెప్తే తీసేవాడివే. నాకు తెలుసు."

"మరి?"

"తీసినాక ఎందుకు తీశావ్రా అని అందరూ అడుగుతారుగా. నవాబ్ బాబాయ్ బాధపడ్డాడని చెప్తావు. అది రోడ్డు దాటేసరికి సాయిబు బెదిరించాడని అవుద్ది. వన్ టౌన్ చేరేసరికి సాయిబులొచ్చి వెంకన్న బొమ్మ చింపారని అవుద్ది. నా కొడుకు అక్కడే కొట్లో పనిచేస్తాడు."

"పోనీ నువ్వే గుట్టుగా తీసేయాల్సింది."

"పైకి చూడు." లాడ్జి గోడకి కెమెరా ఉంది. "సాయిబు స్టూలెక్కి దేవుళ్ల ఫ్లెక్సీ పీకుతున్న వీడియో. నీ జోకు కంటే బాగా తిరుగుద్ది."

నాకు నవ్వొచ్చింది. ఆయనకీ వచ్చింది. తర్వాత ఇద్దరికీ ఆగిపోయింది.

"అందుకని ఇక్కడొచ్చి కూర్చున్నావా?"

"మనిషి ఎదురుగా కూర్చుంటే ఎవడూ జిప్పు తీయడురా. దేవుడి ముందు లేని సిగ్గు మనిషి ముందు ఉంటది."

"నా మీద కోపం రాలేదా?"

"ఎందుకు రాదు? బాగా వచ్చింది. తెలిసి వేసుంటే చెవి మెలేసేవాణ్ణి." దువ్వెన తీశాడు, దువ్వుకోకుండా మళ్లీ జేబులో పెట్టాడు. "నా గడ్డం మీద వేశావు, ముసలితనం మీద వేశావు, నవ్వాను. అవి నావి. ఇది నాది కాదురా. దీని మీద నవ్వమంటే నాకు చేతకాలేదు."

నా కాగితం ఇంకా ఆయన బోర్డుకి ఉంది. ముక్కు మూసుకుని రావలెను. పీకి జేబులో కుక్కుకున్నాను.

అదే పొద్దున బాలశౌరి గారి దగ్గరికి వెళ్లి ఫ్లెక్సీ తీసేస్తానన్నాను.

"తీయడమేంటయ్యా! నీ ఫ్లెక్సీ మహిమ అంతా ఇంతా కాదు. ఈమధ్య ఒక్క చుక్క పడట్లేదు."

అది ఫ్లెక్సీ మహిమ కాదండీ అని నాలుక చివరిదాకా వచ్చింది. అంటే ఎవరి మహిమో చెప్పాలి. "కలర్ వెలిసిపోయిందండీ, నా పేరు పోద్ది" అన్నాను.

"వెలిస్తే వెలవనీ. దేవుళ్ల చూపు ఉందిగా."

ఇక ఎవర్నీ అడగలేదు. పట్టపగలు, బస్టాపు నిండా జనం ఉండగా, స్టూలేసుకుని ఎక్కి మేకులు పీకడం మొదలుపెట్టాను. దొంగచాటుగా తీస్తే అనుమానం ఇంకొకరి మీదికి పోతుంది. అందుకని అందరూ చూసేలా తీయాలి.

జనం పోగయ్యారు. అరటిపళ్ల బండి శివపార్వతి అక్క, ఆటోవాళ్లు, బాలశౌరి గారు, ఫోన్ పైకెత్తి వీడియో తీస్తున్న కుర్రాడు ఒకడు.

"ఏం బ్రో, మంచి ఫ్లెక్సీ కదా, ఎందుకు తీస్తున్నావ్? ఎవరన్నా వార్నింగ్ ఇచ్చారా?"

వాడు అడిగింది నన్ను. చూసింది మాత్రం నా కాళ్ల దగ్గర టోపీ పెట్టుకుని కూర్చున్న మనిషిని. అందరి తలలూ అటు తిరిగాయి. కింద ఆకురాయి చప్పుడు ఆగిపోయింది.

"వార్నింగే బ్రో" అన్నాను.

"ఎవరు?"

"వీళ్లే, ముగ్గురూ. నిన్న బాగా అర్జంటయ్యి ఈ గోడ దగ్గరే జిప్పు మీద చెయ్యేశా. తలెత్తి చూస్తే ముగ్గురూ నన్నే చూస్తున్నారు. రాసింది నేనే, దొరికింది నేనే. ఇంక దీన్ని ఉంచుకుని నేను బతకలేను."

సందంతా నవ్వు. ఆటోవాళ్లు ఈలలేశారు. బాలశౌరి గారు "ఛీ ఛీ, నువ్వా!" అని నుదురు కొట్టుకున్నారు. ఆ వీడియో ఎక్కడెక్కడో తిరిగింది. "బోర్డు పెట్టినోడే పోశాడు" అని పేరు పెట్టారు. మా అమ్మ చూసి నాతో మాట్లాడటం మానేసింది. చర్చిలో పాస్టరు గారు నన్ను చూసినప్పుడల్లా దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నారు.

కింద ఆకురాయి చప్పుడు మళ్లీ మొదలైంది.

ఫ్లెక్సీ చుడుతుంటే శివపార్వతి అక్క చెయ్యి చాపింది. "తమ్ముడూ, ఆ షీటు ఇటివ్వు. పళ్ల కింద పరుచుకుంటా."

పాత ఫ్లెక్సీల బతుకు అంతేగా. బండ్ల మీద కప్పు, కోళ్ల గూటి చుట్టూ తడిక, టిఫిన్ సెంటరు దగ్గర కాళ్ల కింద పట్ట. నేనైతే ఆలోచించకుండా ఇచ్చేసేవాణ్ణే. నవాబ్ బాబాయ్ గబుక్కున లేచాడు. "అది నాకు కావాలమ్మా. ఇంట్లో పనుంది."

ఇద్దరం మోసుకుని వన్ టౌన్‌లో వాళ్లింటికి వెళ్లాం. బాబాయ్ భార్య జమాల్ బీ గుమ్మంలోనే ఆపింది.

"ఇదేంటి?"

"నీ ముద్దుల కొడుకు జోయెల్ ఘనకార్యం."

దాన్ని ఏం చేయాలో ముగ్గురికీ తోచలేదు. అల్లా పేరున్న పాత కాగితాలైతే నదిలో కలుపుతారట, లేదా తొక్కని చోట పాతిపెడతారట. ఇది ప్లాస్టిక్, కృష్ణలో వేస్తే తేలుకుంటూ సముద్రం దాకా పోతుంది. తగలబెడదామంటే వెంకన్న ఉన్నాడు. కత్తెర తీసుకుని మూడు ముక్కలు చేద్దామన్నాను నేను.

"ఎక్కడ కోసినా ఎవరో ఒకరికి తగులుద్ది, ఊరుకో" అంది జమాల్ బీ. ఉతికిన తెల్ల దుప్పటి తెచ్చి చుట్ట మొత్తం చుట్టి, బీరువా పైన పెట్టించింది. ముగ్గురికీ కలిపి ఒకటే దుప్పటి.

టీ ఇస్తూ మెల్లగా అంది, బాబాయ్ పెరట్లోకి వెళ్లాక. "రోజూ నమాజుకి ముందు ఇంటికొచ్చి మళ్లీ తానం చేసేవాడు నాయనా. బట్టలు మార్చేవాడు. ఎందుకంటే చెమటనేవాడు. ఉతికేది నేనేగా. అది చెమట వాసనో ఏం వాసనో నాకు తెలీదా?"

టీ గ్లాసు కింద పెట్టేశాను. ఆయన ఒంటికి అంటింది ఎక్కడిదో నాకు తెలుసు.

ఫ్లెక్సీ పోయింది, కథ అయిపోయింది అనుకుంటే సుఖంగా ఉండేది. మెట్ల కింద అంతోని ఉన్నాడు. మంచివాడే, ఖాళీ చోటు చూసి వచ్చాడు. అతన్ని లేపమని బాలశౌరి గారిని అడగబోతే నవాబ్ బాబాయే ఒప్పుకోలేదు. "వాడికీ పెళ్లాం పిల్లలున్నారు. లేచొచ్చింది నేను. వాడు తోశాడా?" సందులోనే ఉండిపోయాడు. గోడ మీద ఏమీ లేదు, కూర్చోవాల్సిన పని లేదు, వెళ్లడానికి చోటు లేదు.

సందు మొదట్లో కట్టడానికి బోర్డు చేసి తీసుకెళ్లాను. "నవాబ్ తాళాలు", కింద బాణం గుర్తు. అంతే.

తిప్పి తిప్పి చూశాడు. "జోకు ఏదిరా?"

"లేదు బాబాయ్."

"ఎందుకు లేదు?"

"ఏం రాయబోయినా చెయ్యి ఆగిపోతోంది. ఎవరికి ఏం తగులుద్దో అని."

"ఇది ఆసుపత్రి బోర్డులాగా ఉంది. దీన్ని చూసి ఎవడొస్తాడు? చోటు పోయిందంటే సరే. నీ నోరు కూడా పోతే నాకేం మిగిలింది ఇక్కడ? తీసుకుపో. భయపడ్డోడి బోర్డు నాకొద్దు."

మళ్లీ చేశాను. బాణం గుర్తు తీసేసి దాని బదులు ఆయన గడ్డాన్నే పెట్టాను, ఎర్రగా, పొడుగ్గా లాగి, మొన సందులోకి చూపించేలా. కింద "గడ్డం ఎటు చూపిస్తే అటు నడవండి." చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. కట్టే ముందు మాత్రం చుట్టూ తిరిగి, కింద కాలవ ఉందా, ఎవరి కాళ్లయినా తగులుతాయా అని చూశాను. నేను చూస్తుంటే ఆయన నన్ను చూశాడు.

మరుసటి రోజు పొద్దున్నే బోర్డు ఎలా ఉందో చూద్దామని వెళ్లాను. సందులో నీళ్ల చప్పుడు. నవాబ్ బాబాయ్ ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, బకెట్ ఎత్తి ఖాళీ గోడ మీద నీళ్లు కొడుతున్నాడు.

"ఇంకా ఎందుకు బాబాయ్? ఇప్పుడు గోడ మీద ఏమీ లేదుగా?"

"నేను కూర్చోవాలిగా."

బకెట్ అందుకోబోయాను. ఇవ్వలేదు. తడి చేత్తోనే సందు మొదటివైపు చూపించాడు.

"నువ్వు షాపుకి పో. బోర్డులో గడ్డం ఎరుపు సరిపోలేదు. ఇంకా ఎర్రగా కొట్టు."